చెప్పలేదంటే బాగున్నట్టే

ఆ వేసవిలో మా వాడలో ప్రతి తలుపూ మా చెల్లెలి కోసం తెరుచుకుంది. అంతకుముందు మా వాళ్ళు బయటి మనిషికి తలుపు తీసిన పాపాన పోలేదు. సర్వే అని వచ్చినా, టీకా అని వచ్చినా ముందు కుక్క మొరిగేది, తర్వాత లోపల గడియ పడేది. కారణం లేకపోలేదు. మా చిన్నతనంలో ఎవరో పెద్ద చదువులవాళ్ళు వచ్చి టేపు పెట్టి మా తలలు కొలిచారు, ముక్కులు కొలిచారు, నెత్తురు తీసుకున్నారు, పిల్లల చేతుల్లో బిస్కెట్లు పెట్టి వెళ్ళిపోయారు. మళ్ళీ కనబడితే ఒట్టు. అన్ని తలలు కొలిచారు కదా, టోపీలు కుట్టించి పంపుతారేమోనని మా అయ్య చాలాకాలం చెప్పుకుని నవ్వేవాడు.

మేం ఆదివాసులం. కొండమీద గని పడ్డప్పుడు మా తాతల్ని కిందికి దింపి, ఉప్పుమళ్ళ పక్కన రేకుల ఇళ్ళు వేసిచ్చారు. ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ మమ్మల్ని కొండోళ్ళంటారు. నేను పుట్టి బుద్ధెరిగాక ఎక్కిన ఎత్తల్లా గోదాములో బస్తాల మీదే. అయ్య మళ్ళలో ఉప్పు లాగుతాడు, ఆ ఉప్పు గోదాముకొస్తే నేను బస్తాల మూతులు కుడతాను. అమ్మ పోయాక చెల్లెల్ని పెంచింది నేను, కాబట్టి దాన్ని తిట్టే హక్కు కూడా నాదే.

అది యూనివర్సిటీలో నర్సింగు చదువుతోంది. వైద్యం వైపు చదువులకొచ్చే ఆదివాసీ పిల్లలకని యూనివర్సిటీవాళ్ళు ఒక అవార్డు ఇస్తారు. ఫీజు, హాస్టలు, పుస్తకాలు, చేతిఖర్చు అన్నీ అందులోనే. అది లేకపోతే మా చెల్లెలు యూనివర్సిటీ గేటు బయట నిలబడి చూడాల్సిందే. అవార్డు వచ్చిందని అయ్య మళ్ళలో చాటింపు వేస్తే, "అవార్డులు సినిమావాళ్ళకి కదా ఇచ్చేది?" అన్నాడట పక్క మడివాడు. "మా చిన్నదాని ముఖానికేం తక్కువ?" అన్నాడట అయ్య. అప్పట్నుంచీ వాడలో దాని పేరు డాక్టరమ్మ. నర్సుకీ డాక్టరుకీ తేడా చెప్పబోతే, "ఏదైనా సూదేగా" అని కొట్టిపారేసేవాళ్ళు.

ఆ వేసవి సెలవులకి చెల్లెలు తిన్నగా ఇంటికి పోకుండా గోదాముకొచ్చింది. నేను దబ్బనంలో పురికొస ఎక్కిస్తున్నాను. భుజానికి ఒక తెల్లటి ఐసుపెట్టె తగిలించుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏంటే, చేపల వ్యాపారం పెట్టావా?" అన్నాను.

"నెత్తురు వ్యాపారం" అంది నవ్వుతూ. నా పక్కన బస్తా మీద కూర్చుని చెప్పింది. ఉప్పుమళ్ళలో పనిచేసేవాళ్ళకి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో యూనివర్సిటీలో ఒక మేడం పరిశోధన చేస్తోందట. ఎండలు ముదరకముందు ఒకసారి, వానలు పడబోయేముందు ఒకసారి అందరి నెత్తురూ తీయాలి. అవార్డు తీసుకుంటున్న పిల్లలు వేసవిలో తమ వాడలోనే ఇలాంటి పని ఏదో ఒకటి పూర్తిచేయాలి. చేస్తేనే వచ్చే ఏడు అవార్డు కొనసాగుతుంది.

"అంటే, ఇన్నాళ్ళూ మన తలుపులు తీయించలేక ఇప్పుడు తాళంచెవి కొనుక్కున్నారన్నమాట."

"నువ్వు ప్రతిదాన్నీ దబ్బనంతో పొడుస్తావేంటక్కా? మేడం మంచిది. నిజంగా తెలుసుకోవాలనే చూస్తోంది. నాకూ తెలుసుకోవాలనే ఉంది. అమ్మ ఎందుకు పోయిందో నీకు తెలుసా?"

నాకు తెలియదు. ఒళ్ళు నీరుపట్టి పోయింది, అంతే. బస్తా మూతిలోకి దబ్బనం దూర్చాను.

"తీసిన నెత్తురు ఎప్పుడు చూస్తారు?" అని మాత్రం అడిగాను.

"ఇప్పుడు చూడరు. మంచులో పెట్టేస్తారు. రెండోసారి తీసింది కూడా వచ్చాక, రెండూ కలిపి ఒకే రోజు ఒకే మిషనులో పెడతారు. అప్పుడే తేడా కచ్చితంగా తెలుస్తుంది."

"అప్పటిదాకా ఎవరూ చూడరా? నువ్వు కూడా?"

"నేను కూడా చూడను."

అలాగా అనుకున్నాను. బస్తాలు పేరుకుపోయి ఉన్నాయి, మేస్త్రీ అటే చూస్తున్నాడు. ఆ మాట అక్కడితో వదిలేశాను.

మొదటి చెయ్యి చాపింది మా అయ్యే. ఇంటి ముందు మంచం వాల్చి, తలపాగా సర్దుకుని, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నాడు. వాడంతా మూగింది. చెల్లెలు ఒక కాగితం తీసి చదవడం మొదలుపెట్టింది. ఇది వైద్యం కాదు, పరీక్ష మాత్రమే. ఫలితాలు పరిశోధన అయ్యాకే తెలుస్తాయి. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు.

"ఆ చదువుడు ఎందుకమ్మా? తీసేది నువ్వేగా" అన్నాడు అయ్య.

"చదవాలయ్యా, రూలు."

"రూలైతే చదువు. మేం వినాలని రూలు లేదుగా, ఉందా?" అని అందరినీ నవ్వించాడు.

చెల్లెలు ప్రతి ఇంట్లోనూ ఆ కాగితం చివరిదాకా చదివింది. పక్కింటి పెద్దమ్మ ఆవలించింది. "మెల్లిగా గుచ్చవే. నువ్వు పుట్టినప్పుడు బొడ్డు కోసింది నేను. నీకేమైనా నొప్పి పెట్టానా?" అంది. దాని చెయ్యి నిజంగానే తేలిక. సూది దిగినట్టు కూడా తెలియలేదని అందరూ చెప్పుకున్నారు. కుక్కలు కూడా మొరగడం మానేశాయి. చేతుల మీద చిన్న పట్టీలు అంటించుకుని మా వాళ్ళు మళ్ళలోకి పోతుంటే చూసి, పక్క వాడవాళ్ళు ఏంటని అడిగారు. "మా డాక్టరమ్మ చూసుకుంటోంది" అన్నారు మావాళ్ళు. ఆ మాట నేను కూడా విన్నాను. విని మురిసిపోయాను. అందులో దోషం ఎక్కడుందో అప్పుడు ఎవరికి తెలుసు?

ఎండలు ముదిరాయి. ఉప్పుమళ్ళలో ఎండ పైనుంచే కాదు, కిందినుంచి కూడా కొడుతుంది. పేరుకున్న ఉప్పు కళ్ళలోకి మెరుస్తుంటే రెప్పలు సగం మూసుకుని, పొడుగు కర్రకు బిగించిన పలకతో గట్టు మీదికి లాగాలి. దప్పికని తాగితే ఒంటేలుకి పోవాలి, పోతే ఆ మేరకు కూలి తెగుతుంది, అందుకని తాగరు. కాళ్ళు పగిలి, ఉబ్బి, తెల్లగా అయిపోతాయి. అందరి కాళ్ళూ అలాగే ఉంటాయి కాబట్టి ఎవరి కాళ్ళూ ఎవరూ చూడరు.

ఒకరోజు గోదాముకి కేకల నర్సమ్మ వచ్చింది. వంతెన అవతల ఆరోగ్యకేంద్రంలో పనిచేస్తుంది. ఆమె మామూలుగా మాట్లాడితే మామూలువాళ్ళు అరిచినట్టుంటుంది, అందుకే ఆ పేరు. మా వాళ్ళని తిట్టి తిట్టి, వెంటపడి, బీపీ మాత్రలకి అలవాటు చేసింది ఆమే. మళ్ళలో పనిచేసేవాళ్ళకి బీపీ ఎక్కువైతే ముందు కిడ్నీలే పోతాయని ఆమె గోల.

ఆ రోజు మాత్రం గొంతు తగ్గించి అడిగింది. "ఏమ్మా, మీవాళ్ళకి నా మీద కోపమొచ్చిందా?"

"అదేంటి నర్సమ్మా?"

"వేసవి మొదలైనప్పట్నుంచి మీ వాడ నుంచి ఒక్క మనిషి మాత్రలకి రాలేదు. మీ అయ్య కూడా రాలేదు. ఆయన బీపీ ఉన్న తీరుకి ఒక్కరోజు మానకూడదు. చచ్చిపోదామనుకుంటున్నారా అందరూ?" అంటూ చివరికి మామూలు గొంతుకొచ్చేసింది. గోదాములో అందరూ తిరిగి చూశారు.

ఆ సాయంత్రం అయ్య మళ్ళనుంచి వచ్చి కాళ్ళు బకెట్లో పెట్టుకుని కూర్చున్నాడు. చెల్లెలు గొట్టాల మీద అంటించే చీటీలు సర్దుకుంటోంది. నేను నేరుగానే అడిగాను.

"మాత్రలు ఎందుకు మానేశావయ్యా?"

"ఎవరన్నారు?"

"కేకల నర్సమ్మ. ఊరంతా వినబడేట్టే అంది."

చెల్లెలు తల ఎత్తింది. "నేనడిగితే వేసుకుంటున్నానన్నావు కదయ్యా?"

అయ్య దొరికిపోయిన దొంగలా నవ్వాడు. "ఆ మాత్ర వేసుకుంటే గంటకోసారి ఒంటేలుకి గట్టెక్కాలే. కళ్ళు తిరుగుతాయి. ఇప్పుడు దానవసరం ఏముంది? నువ్వు నెత్తురు తీసుకెళ్ళావు. ఏమైనా తేడా ఉంటే చెప్పేదానివి కదా. చెప్పలేదంటే బాగున్నట్టే."

చెల్లెలి చేతిలో చీటీల చుట్ట కింద పడి దొర్లుకుంటూ పోయింది. అది తీసుకోలేదు.

"పెద్దమ్మ కూడా అందుకే మానేసిందా?" అంది.

"అందరూ అంతే. బయటివాడైతే వాడు చెప్పినా నమ్మం, చెప్పకపోయినా నమ్మం. నువ్వు మా బిడ్డవి. మాలో ఎవరికైనా చెడ్డ జబ్బుంటే తెలిసీ ఊరుకుంటావా?"

"నాకు తెలియదయ్యా! నెత్తురు ఇంకా ఎవరూ చూడలేదు. మంచులో ఉంది. చదివి వినిపించాను కదా!"

"సరేలే, సరేలే" అని దాని తల నిమిరాడు అయ్య. "రూలు ప్రకారం అలాగే అనాలి నువ్వు. నాకర్థమైంది." అర్థమైందన్నట్టు కన్ను కూడా కొట్టాడు.

నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి, రెండూ బయటికి రాలేదు.

చెల్లెలు మర్నాడు ఇల్లిల్లూ తిరిగింది. తలుపు తీసి, కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, చెప్పిందంతా విన్నారు. డాక్టరమ్మకి ఎంత అణకువో చూడండి అన్నారు. అంత చదువుకుని కూడా నాకేం తెలియదంటోంది, పైకి పోయే పిల్లంటే ఇలా ఉండాలి అన్నారు. ఒక్కరు కూడా వంతెన దాటలేదు.

అప్పుడు మేడంకి ఫోను చేసింది. మా ఇంటి వెనక సిగ్నల్ సరిగా రాదు. స్పీకరు పెట్టి, ఫోను చేత్తో పైకెత్తి పట్టుకుని మాట్లాడింది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. అందరి నెత్తురూ ఇప్పుడే చూసేయలేరా అని అడిగింది. ఇప్పుడు కరిగిస్తే మళ్ళీ పనికిరాదంది మేడం. పోనీ మా అయ్యది ఒక్కటి? అని అడిగింది. ఎవరిది ఏదో మేడంకి కూడా తెలియకుండా అంకెలు వేసి పెట్టారట, ఒకరి కోసం అది విప్పకూడదట.

"కేంద్రానికి వెళ్ళమని మామూలుగా చెప్పమ్మా" అంది మేడం. "గాభరా పెట్టకు. భయపడి సగంమంది తప్పుకున్నారనుకో, మొదటి నెత్తురు కూడా పారబోయాల్సిందే. ఇంత కష్టమూ పోతుంది. నీ అవార్డు సంగతి కమిటీలో నేను ఏమని చెప్పను? నీ తర్వాత వచ్చే పిల్లలకి ఇప్పించమని ఏ ముఖంతో అడగను?"

"మామూలుగా చెప్పాను మేడం. నవ్వుతున్నారు."

"కొన్ని వారాలే కదమ్మా" అంది మేడం, వేడుకుంటున్నట్టు.

ఆవిడ చెడ్డమనిషి కాదు. అదే నా ఏడుపు. చెడ్డమనిషైతే నోరారా తిట్టుకుని పని చూసుకునేదాన్ని.

ఫోను పెట్టేసి చెల్లెలు గోడకి చేరగిలబడింది. "అక్కా, నేను గట్టిగా చెబితే అవార్డు పోతుంది" అంది.

"గట్టిగా అంటే?"

అది లేచి ఐసుపెట్టె మూత బిగించింది. నా మనసులో అనుకున్నది ఇప్పుడు దాచడమెందుకు? చెప్పొద్దే, కొన్ని వారాలే కదా అందామనుకున్నాను. దాని చదువు కోసం నా వేళ్ళన్నీ తూట్లు పడ్డాయి. కానీ పక్కింట్లోంచి పెద్దమ్మ దగ్గు వినిపిస్తోంది. నోరు రాలేదు.

మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర అందరూ ఉన్నారు. నీళ్ళొచ్చేది ఆ కాసేపే కాబట్టి వాడ మొత్తం ఒకచోట కనబడేది అప్పుడే. చెల్లెలు తన బకెట్ పక్కన పెట్టి కుళాయి గట్టు ఎక్కింది.

"ఒక్కసారి అందరూ వినండి. మీ నెత్తురులో ఏముందో నాకు తెలియదు. నేను చెప్పలేదంటే బాగుందని కాదు. దయచేసి మాత్రలకి వెళ్ళండి."

"మళ్ళీ మొదలుపెట్టిందమ్మా" అంది పెద్దమ్మ. అందరూ నవ్వారు. అయ్య అందరికంటే పెద్దగా నవ్వాడు.

చెల్లెలు నా వంక చూసింది. చిన్నప్పుడు దెబ్బ తగిలినప్పుడు ఏడవాలా వద్దా అని నా ముఖం చూసేది, సరిగ్గా అలాగే. తర్వాత నా వంక చూడ్డం మానేసి చెప్పింది.

"నేను మీ కోసం తీయలేదు. నా కోసం తీశాను. మీ నెత్తురు పట్టుకెళ్ళి ఇస్తే వచ్చే ఏడు నాకు అవార్డు ఇస్తారు, ఫీజు కడతారు. అందుకే ప్రతి ఇంటికీ వచ్చాను. బయటివాళ్ళకి మీరు తలుపు తీయరని నన్ను పంపారు. ఆ నెత్తురు ఒక పెట్టెలో గడ్డకట్టి పడుంది. మీలో ఎవరు ఎలా ఉన్నారో ఎవరికీ తెలియదు, ఎవరూ చూడలేదు. నేను చూస్తున్నానని మీరు అనుకున్నారు, నేను చూడట్లేదు."

నవ్వులు ఆగాయి. ఎవరి బకెట్టో నిండి పొర్లుతోంది, కుళాయి కట్టేవాళ్ళు లేరు.

అది సగం నిజమే. ఆ పరిశోధన మీద దానికి ఎంత నమ్మకమో నాకు తెలుసు, గోదాములో అది అమ్మ పేరెత్తినప్పుడే తెలుసు. కానీ ఆ నమ్మకాన్ని మింగేసి ఫీజు సంగతే చెప్పింది. గట్టిగా చెప్పడమంటే ఏంటో నాకప్పుడర్థమైంది.

పెద్దమ్మ తన మోచేతి లోపల, ఎప్పుడో మానిపోయిన సూదిపోటు చోటు, రెండో చేత్తో తుడుచుకుంది. "తలలు కొలిచి పోయినవాళ్ళు నయం" అంది. "వాళ్ళు పరాయివాళ్ళు. నువ్వు మా చేతికూడు తిని మా నెత్తురు అమ్ముకున్నావు." బకెట్ ఎత్తుకుని పోయింది. ఒకరి వెనక ఒకరు అందరూ పోయారు.

ఆ రోజు నుంచి మళ్ళీ తలుపులు పడ్డాయి. మా గుమ్మం ముందునుంచి పోయేవాళ్ళు చుట్టూ తిరిగిపోయారు. కుక్కలకి కూడా ఎవరో చెప్పినట్టున్నారు, చెల్లెల్ని చూసి మొరిగాయి.

కానీ వారం తిరక్కుండా నేను పనుండి వంతెన అవతలికి పోతే, ఆరోగ్యకేంద్రం ముందు మా వాడ మొత్తం వరసలో నిలబడి ఉంది. కేకల నర్సమ్మ గొంతు రోడ్డు మీదికి వినిపిస్తోంది. పెద్దమ్మ నన్ను చూసి ముఖం తిప్పుకుని, మళ్ళీ ఆగలేక అంది.

"నీ చెల్లెలి మీద కోపంతో వచ్చాను. బుద్ధొచ్చి కాదు. ఆ మాట దానికి చెప్పు."

చెప్పాను. చెల్లెలు మొదటిసారి ఏడ్చింది. "ఏ కోపమైతేనేం, వెళ్ళింది కదా" అంది. తర్వాత అడిగింది, "అయ్య వరసలో ఉన్నాడా?"

అయ్య లేడు.

నేను ఇంటినుంచి తిన్నగా మళ్ళకి పోయాను. మిట్టమధ్యాహ్నం. అయ్య ఒక్కడే లాగుతున్నాడు. పలక ముందుకు తోసి, ఆగి, ఊపిరి తీసుకుని, వెనక్కి లాగుతున్నాడు. గట్టు మీద ఉప్పు కుప్ప నా ఎత్తుంది.

"అందరూ కేంద్రంలో ఉన్నారు. నీకేం రోగం?" అన్నాను.

"వానలు వస్తాయే. ఈ కుప్ప ఎత్తేశాక వెళ్తా."

"చిన్నది నర్సమ్మ దగ్గర తెచ్చి రోజూ రాత్రి చేతిలో మాత్ర పెడుతోందిగా. వేసుకుంటున్నావా?"

"ఆఁ." కొంచెం ఆగాడు. పలక కర్రకి గడ్డం ఆనించి నా వంక చూశాడు. కళ్ళ కింద ఉబ్బు. ఎండకేమో అనుకున్నాను.

"పెద్దదానా, నీకో మాట చెప్తా, దానితో అనకు. కుళాయి కాడ అదన్న మాటలు వాళ్ళు నమ్మారు. నేను నమ్మలేదు."

"ఏం నమ్మలేదు?"

"అది ఫీజు కోసం మన నెత్తురు అమ్ముకునే మనిషా? వాళ్ళు మాత్రలకి పోవాలని తన ముఖాన తనే బురద పూసుకుంది. అంత మనసున్నది, కన్నతండ్రికి ఏమైనా ఉందని తెలిస్తే నోరు మూసుకుని కూర్చుంటుందా? నన్ను చెయ్యి పట్టి లాక్కుపోదూ? నాకేం లేదని దానికి తెలుసు. అందుకే నా చేతిలో మాత్ర పెట్టి ఊరుకుంటోంది."

నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. దానికి తెలియదయ్యా, నిజంగానే తెలియదు, దేవుడి తోడు తెలియదు అన్నాను. ఆయన నవ్వుతూనే ఉన్నాడు. వాడలో దాన్ని సరిగా అర్థం చేసుకున్నది ఆయన ఒక్కడే. ఆ అర్థమే ఆయన్ని మళ్ళలో నిలబెట్టింది.

ఆయన్ని ఎలాగైనా తీసుకుపోదామని చెల్లెలూ నేనూ అనుకుంటూనే ఉన్నాం. ఆయన మేం లేవకముందే పోయేవాడు, చీకటిపడ్డాక వచ్చి రెండు గుక్కల గంజి తాగి పడుకునేవాడు. ఒంటినొప్పులకి కొట్లో అమ్మే ఎర్రమాత్రలు మాత్రం గుప్పెళ్ళకొద్దీ మింగేవాడు. వాటికి గట్టెక్కే పని ఉండదుగా.

మబ్బులు పట్టిన రోజు పక్క మడివాడు గోదాముకి పరిగెత్తుకొచ్చాడు. కుప్ప మీద పరదా కప్పుతూ అయ్య పడిపోయాడట. నేను పోయేసరికి గట్టు మీద పడుకోబెట్టారు. ఒళ్ళంతా ఉబ్బి ఉంది, నోరు తెరుచుకుని ఊపిరి ఎగబీలుస్తున్నాడు. చొక్కా విప్పుతుంటే జేబులో చేతికేదో ముద్దగా తగిలింది. చెల్లెలు రోజూ చేతిలో పెట్టిన మాత్రలు. చెమటకి, ఉప్పుకి తడిసి ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి.

వాటిని నేను దానికి చూపించలేదు. ఉప్పునీటి కాలవలో పారేశాను.

పెద్దాసుపత్రిలో అయ్య చెయ్యి పట్టుకుని ఒక పిల్లనర్సు అటూ ఇటూ గుచ్చుతోంది. ఉబ్బిన చేతిలో నరం దొరకడం లేదు. అయ్యకి తెలివొచ్చింది. "మా చిన్నదాన్ని పిలవమ్మా, దానికి దొరుకుతుంది" అన్నాడు.

చెల్లెలు అప్పటిదాకా వరండాలోనే ఉంది. గుమ్మం దాటలేదు. నేను పోయి భుజం పట్టి తీసుకొచ్చాను. అది చేతులు కడుక్కుని, మంచం పక్కన కూర్చుని, అయ్య ముంజేతిని వేళ్ళతో చాలాసేపు తడిమింది. ఒక్కసారే గుచ్చింది. గొట్టంలోకి నెత్తురు వచ్చింది.

"ఇది ఎవరికే?" అన్నాడు అయ్య.

"నీకే అయ్యా. ఇది నీకే."

గొట్టం పట్టుకుని ల్యాబుకి అదే పోయింది. ఇస్తే తీసుకుని లోపల పెట్టుకున్నారు, అది మాత్రం ఆ కిటికీ దగ్గర్నుంచి కదలలేదు. నేను పక్కనే బల్ల మీద కూర్చున్నాను. ఇంతలో ఫోను మోగింది. మేడం. ఏం చెప్పిందో నాకు వినబడలేదు, చెల్లెలు "ఊఁ" కొడుతోంది. సంగతి తర్వాత అదే చెప్పింది. రెండోసారి నెత్తురు మా వాడలో ఎవరూ ఇవ్వలేదు. పని పూర్తికాలేదు కాబట్టి అవార్డు నిలిపేశారు. కమిటీలో చాలాసేపు వాదించిందట మేడం. వచ్చే ఏడు మళ్ళీ పెట్టుకోమందట.

"సరే మేడం. మీరేడవకండి" అంది చెల్లెలు. ఫోను కట్టేసి మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. ఆ చేతులు తర్వాత గోదాములో నా పక్కన దబ్బనం పట్టడం కూడా నేర్చుకున్నాయి. అది వేరే కాలం సంగతి.

కిటికీలోంచి కాగితం ఇచ్చారు. అది చదివింది. నేనేమీ అడగలేదు, దాని మెడ వంగిన తీరే చెప్పింది. పెద్ద డాక్టరు వచ్చి చెబుతారు, మీరు ఉండండి అన్నాడు లోపలి మనిషి.

"నేను చెప్పుకుంటానండీ" అంది.

తిరిగొచ్చి మంచం అంచున కూర్చుంది. అయ్య చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది.

"అయ్యా, నీ నెత్తురు చూశారు. నేను కూడా చూశాను. నీ కిడ్నీలు రెండూ పోయాయి. మిషను మీద పెట్టి చూస్తారు. అయినా ఎక్కువ రోజులు ఉంటావో లేదో చెప్పలేం. ఇది ఇవాళ్టిది కాదు, చాలారోజుల్నుంచి పాడవుతూ ఉన్నట్టుంది."

ఇంత చెడ్డ కబురు మొహం మీదే చెబుతారా అన్నట్టు పక్క మంచం ఆమె లేచి చూసింది. అయ్య మాత్రం రెప్పవేయకుండా మొత్తం విన్నాడు. విన్నాక మెల్లగా తల నా వైపు తిప్పాడు. ఆ ఉబ్బిన ముఖంలో కూడా అవార్డు వచ్చిన రోజు చూసిన గర్వమే కనిపించింది.

"విన్నావా పెద్దదానా?" అన్నాడు. "ఏమైనా ఉంటే చెబుతుందన్నానా లేదా?"

నేను అవునన్నాను. ఇంకేమనను?

బయట తొలివాన మొదలైంది. కుప్ప మీద పరదా ఎవరైనా కప్పారా అని అడిగాడు అయ్య. కప్పారని అబద్ధం చెప్పాను. చెల్లెలు ఆయన ముంజేతి మీద, సూది గుచ్చిన చోట, కొత్త దూది పెట్టి బొటనవేలితో అదిమి పట్టుకుంది.

"చాల్లే, నెత్తురు రావట్లేదు" అన్నాడు అయ్య.

అది వదల్లేదు.